వ్యాపార ప్రతిపాదనకు ముందు ప్రణాళిక: రైతు ఉత్పత్తిదారుల సంస్థల విషయంలో విస్తరణ శాస్త్రవేత్తల బాధ్యత

రైతు ఉత్పత్తిదారుల సంస్థలకు నేడు పథకాల కొరత లేదు. 2002లో కంపెనీల చట్టాన్ని సవరించి ఉత్పత్తిదారుల కంపెనీలకు చట్టంలో స్థానం కల్పించిన తరువాత చాలాకాలం పాటు వీటికి పెట్టుబడే ప్రధాన సమస్యగా ఉండేది. 2020వ సంవత్సరం ఆ పరిస్థితిని చాలావరకు మార్చింది. ఆ ఏడాది ఫిబ్రవరిలో 6,865 కోట్ల రూపాయల వ్యయంతో 10,000 కొత్త సంస్థలను ఏర్పాటు చేసే కేంద్ర పథకం మొదలైంది. జూన్‌లో సూక్ష్మ ఆహార శుద్ధి పరిశ్రమల క్రమబద్ధీకరణ పథకం, ఆగస్టులో లక్ష కోట్ల రూపాయల వ్యవసాయ మౌలిక వసతుల నిధి ప్రారంభమయ్యాయి.

వీటి సాయం అందుకోవాలంటే సంస్థ ఏదో ఒక రూపంలో వ్యాపార ప్రతిపాదనను సమర్పించవలసిందే. ఎంత పెట్టుబడి కావాలి, ఏ యంత్రం కొనాలి, ఎంత సరుకు శుద్ధి చేస్తారు, అప్పు ఎప్పటికి తీరుతుంది అనే ప్రశ్నలకు అందులో సమాధానం ఉండాలి. రైతులకు ఇటువంటి పత్రాలు రాసే అలవాటు లేదు. అందువలన వారు కృషి విజ్ఞాన కేంద్రం శాస్త్రవేత్తను, విశ్వవిద్యాలయ అధ్యాపకుని, లేదా రుసుము తీసుకుని నివేదికలు తయారుచేసే సలహాదారుని ఆశ్రయిస్తున్నారు. ఈ విధంగా వ్యాపార ప్రతిపాదన కూడా విస్తరణ సేవలో భాగమైంది.

అయితే ప్రతిపాదనను ప్రణాళికగా భావించే ధోరణి కూడా దీనితోపాటే పెరిగింది. ప్రణాళిక అనగా సంస్థ తన పంట, తన సభ్యులు, తన మార్కెట్టు, తన శక్తి తెలుసుకుని చేసుకునే నిర్ణయాల వరుస. ప్రతిపాదన ఆ నిర్ణయాలలో ఒకదానికి డబ్బు కోరుతూ రాసే పత్రం మాత్రమే. నిర్ణయం జరగకుండానే పత్రం సిద్ధమైతే, బ్యాంకు రుణం మంజూరు చేసినా వ్యాపారం నిలబడుతుందన్న నమ్మకం ఉండదు. ఆ నష్టం చివరకు చిన్న, సన్నకారు రైతుల వాటా ధనం మీద పడుతుంది. కావున ప్రతిపాదన రాయడానికి ముందు ప్రణాళిక ఉన్నదో లేదో పరిశీలించడం విస్తరణ శాస్త్రవేత్త మొదటి బాధ్యత కావాలి.

పథకం నుండి మొదలయ్యే ఆలోచన

ప్రతిపాదనలలో కనిపించే ప్రధాన లోపం అవి మొదలయ్యే చోటులోనే ఉన్నది. ఫలానా పథకంలో 35 శాతం రాయితీ ఉన్నది, ఫలానా నిధి కింద 2 కోట్ల రూపాయల వరకు రుణంపై 3 శాతం వడ్డీ రాయితీ ఉన్నది అన్న సమాచారం ముందుగా సంస్థకు అందుతుంది. ఆ రాయితీకి తగిన యంత్రం ఏదని తరువాత వెతుకుతారు. యంత్రం అమ్మే కంపెనీ ఇచ్చిన ధరల పట్టీ ఆధారంగా వ్యయం, దాని సామర్థ్యం ఆధారంగా ఆదాయం లెక్కవేస్తారు. ఆ యంత్రాన్ని ఏడాది పొడుగునా నడపడానికి పంట ఎక్కడినుండి వస్తుందన్న ప్రశ్న చివరకు మిగులుతుంది, లేదా అసలు రాదు. సంస్థ పేరుతో సంచులు, ముద్ర మాత్రం ముందే సిద్ధమవుతాయి. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్న సామెత ఇటువంటి సందర్భానికి సరిగ్గా సరిపోతుంది.

ఈ లోపానికి రైతులను మాత్రమే బాధ్యులను చేయడం న్యాయం కాదు. పథకాల అమలును సాధారణంగా మంజూరైన ప్రతిపాదనల సంఖ్యతో, విడుదలైన రుణ మొత్తంతో కొలుస్తారు. ఆర్థిక సంవత్సరం ముగిసేలోగా లక్ష్యం పూర్తి కావలసిన ఒత్తిడి కింది స్థాయి సిబ్బంది మీద ఉంటుంది. అటువంటి వాతావరణంలో రుణం కోరే సంస్థ, ఇచ్చే బ్యాంకు, సిఫారసు చేసే అధికారి ముగ్గురూ పత్రం పూర్తయిందా అన్నదే చూడటం సహజం. వ్యాపారం నడుస్తుందా అని అడిగేవారు కరువవుతారు. ఏ పథకం లక్ష్యంతోనూ నేరుగా ముడిపడని విశ్వవిద్యాలయ శాస్త్రవేత్త ఆ ప్రశ్న వేయగల స్థితిలో ఉన్నాడు.

ఒక పప్పు మిల్లు లెక్క

ఈ విషయాన్ని ఒక ఉదాహరణతో పరిశీలించవచ్చు. కంది పండే మెట్ట ప్రాంతంలో 300 మంది సభ్యులు గల ఒక సంస్థ పప్పు మిల్లు పెట్టదలచినదని ఊహిద్దాం. 10,000 సంస్థల పథకం కింద మైదాన ప్రాంతాలలో సంస్థకు ఉండవలసిన కనీస సభ్యత్వం కూడా 300 మందే. మిల్లు, షెడ్డు, గోదాము కలిపి కోటి రూపాయలు అవుతాయని, అందులో 10 లక్షలు సంస్థ వాటా, 90 లక్షలు బ్యాంకు రుణమని అనుకుందాం. మిల్లు గంటకు 5 క్వింటాళ్ల కంది ఆడుతుంది. రోజుకు 8 గంటల చొప్పున 40 క్వింటాళ్లు, ఏడాదిలో 250 పనిదినాలకు 10,000 క్వింటాళ్లు. ప్రతిపాదనలో ఆదాయం లెక్కంతా ఈ 10,000 క్వింటాళ్ల మీదనే నిలబడి ఉంటుంది.

ఇప్పుడు సభ్యుల పొలాల వైపు నుండి లెక్కించాలి. ఒక్కొక్కరు సగటున 2 ఎకరాలలో కంది వేసి, ఎకరాకు 4 క్వింటాళ్లు పండిస్తే మొత్తం దిగుబడి 2,400 క్వింటాళ్లు. అదంతా మిల్లుకు చేరినా 60 రోజులలో ఆడటం పూర్తవుతుంది. కానీ అదంతా చేరదు. ఇంటి వాడకానికి, విత్తనానికి కొంత ఉంచుకుంటారు. పెట్టుబడికి వ్యాపారి దగ్గర అప్పు తెచ్చిన రైతు కల్లంలోనే అతనికి కొలిచి ఇవ్వవలసి ఉంటుంది. సగం మాత్రమే మిల్లుకు వస్తే 1,200 క్వింటాళ్లు, అనగా 30 రోజుల పని. మిగిలిన 220 రోజులు మిల్లు ఖాళీగా ఉంటుంది. వడ్డీ మాత్రం ప్రతి రోజూ లెక్కకు వస్తుంది.

రుణ భారాన్ని క్వింటాలుకు విడదీసి చూస్తే తేడా మరింత స్పష్టమవుతుంది. 90 లక్షల రూపాయల అసలును ఒక సంవత్సరం మారటోరియం తరువాత 6 సంవత్సరాలలో తీర్చాలంటే ఏడాదికి 15 లక్షలు కట్టాలి. బ్యాంకు వడ్డీ 9 శాతం, అందులో రాయితీ 3 శాతం పోగా 6 శాతం అనుకుంటే కిస్తీలు మొదలైన ఏడాది వడ్డీ సుమారు 5 లక్షల 40 వేలు. రెండూ కలిపి 20 లక్షల 40 వేలు. మిల్లు 10,000 క్వింటాళ్లు ఆడితే క్వింటాలు కందిపై ఈ భారం 204 రూపాయలు. 2,400 క్వింటాళ్లు ఆడితే 850 రూపాయలు. 1,200 క్వింటాళ్లకు పరిమితమైతే 1,700 రూపాయలు. కరెంటు, కూలీ, సంచులు, రవాణా ఖర్చులు దీనికి అదనం. మిల్లు అదే, రుణం అదే, రాయితీ కూడా అదే. సరుకు పరిమాణం ఒక్కటే ఫలితాన్ని తారుమారు చేస్తున్నది. అందువలన ప్రతిపాదనలో యంత్రం సామర్థ్యాన్ని పరిశీలించే ముందు సభ్యుల పంటను కొలవడం తప్పనిసరి.

సభ్యుల పంట చాలకపోతే బయట కొంటామని ప్రతిపాదనలో రాయడం సులభం. 10,000 క్వింటాళ్ల కందిని 2025-26 కనీస మద్దతు ధర అయిన క్వింటాలుకు 8,000 రూపాయలకు కొనాలంటే 8 కోట్ల రూపాయలు కావాలి. మిల్లు కట్టడానికి అయ్యే ఖర్చుకు ఇది 8 రెట్లు. 300 మంది సభ్యులు తలా 2,000 రూపాయలు వాటా ధనం చెల్లించి, దానికి సమానంగా పథకం కింద గ్రాంటు పొందినా సంస్థ చేతికి వచ్చేది 12 లక్షలు. మిల్లుకు సొంత వాటాగా 10 లక్షలు పెట్టిన తరువాత మిగిలేది 2 లక్షలు. ఆ మొత్తంతో 25 క్వింటాళ్ల కంది కొనవచ్చు. అది మిల్లుకు ఒక్క పూట పనికి కొంచెం ఎక్కువ.

పంటకాలం, డబ్బు అవసరమయ్యే కాలం

పై లెక్కలో తేలే రెండవ అంశం నిర్వహణ మూలధనం, అనగా సరుకు కొన్ననాటి నుండి పప్పు అమ్మి డబ్బు చేతికి వచ్చేవరకు తిరగవలసిన సొమ్ము. ప్రతిపాదనలలో తరచుగా నిర్లక్ష్యానికి గురయ్యేది ఇదే. వ్యవసాయ మౌలిక వసతుల నిధి వంటి ఏర్పాట్లు గోదాములు, శుద్ధి యూనిట్ల నిర్మాణానికి ఇచ్చే దీర్ఘకాలిక రుణాలకు ఉద్దేశించినవి. కంది కొనడానికి కావలసిన డబ్బును సంస్థ వేరుగా సమకూర్చుకోవాలి.

వానాకాలపు కంది కోత ప్రధానంగా డిసెంబరు, జనవరి నెలలలో జరుగుతుంది. సరుకు జనవరి నుండి మార్చి వరకు మార్కెట్టుకు వస్తుంది. ఏడాది పొడుగునా మిల్లు నడవాలంటే ఈ మూడు నెలలలోనే కొని నిల్వ చేయాలి. 2,400 క్వింటాళ్లు కొనడానికి 1 కోటి 92 లక్షల రూపాయలు కావాలి. ఆ సొమ్ము సగటున ఆరు నెలలు సరుకులో చిక్కుకుని ఉంటే, 10 శాతం వడ్డీ చొప్పున 9 లక్షల 60 వేలు, అనగా క్వింటాలుకు 400 రూపాయలు అదనపు ఖర్చు. ముందు చెప్పిన 850 రూపాయలతో కలిపితే 1,250 రూపాయలు అవుతుంది. పప్పు, నూక, పొట్టు అమ్మగా వచ్చే మొత్తం నుండి కంది కొనుగోలు ధర పోగా మిగిలేది ఈ భారాన్ని, నిర్వహణ ఖర్చును మోయగలదా అన్నది ప్రతిపాదనలో తేలవలసిన అసలు లెక్క.

నిల్వకు కూడా పరిమితులు ఉన్నవి. 2023 జూన్‌లో కేంద్ర ప్రభుత్వం కంది, మినుము నిల్వలపై ఆంక్షలు విధించినపుడు మిల్లులకు గత మూడు నెలల ఉత్పత్తి లేదా వార్షిక సామర్థ్యంలో 25 శాతం, ఈ రెండింటిలో ఏది ఎక్కువైతే అంతవరకే అనుమతించింది. 10,000 క్వింటాళ్ల సామర్థ్యం గల మిల్లు విషయంలో ఈ 25 శాతం అనగా 2,500 క్వింటాళ్లు. సీజనులోనే ఏడాది సరుకంతా కొని పెట్టుకుంటామన్న ప్రతిపాదన అటువంటి ఉత్తర్వు వచ్చిన రోజున నిలవదు. 2021 మే నుండి కంది దిగుమతులకు ఇచ్చిన స్వేచ్ఛ ధరల మీద చూపే ప్రభావాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి. ఎక్కువ ధరకు కొని నిల్వ చేసిన కంది, దిగుమతులు వచ్చి ధర తగ్గిన తరువాత పప్పుగా మారితే నష్టం సంస్థదే అవుతుంది.

సాంకేతిక వివరాలు కూడా ప్రణాళికలో భాగమే. క్వింటాలు కందికి వాణిజ్య మిల్లులలో సుమారు 70 నుండి 75 కిలోల వరకు పప్పు వస్తుంది. ఈ 5 కిలోల తేడా 2,400 క్వింటాళ్లపై 120 క్వింటాళ్ల పప్పుతో సమానం. రకం, గింజ పరిమాణం, తేమ, మిల్లులో పొట్టు వదలడానికి చేసే ముందస్తు శుద్ధి ఈ తేడాను నిర్ణయిస్తాయి. నూనె పట్టించి ఎండబెట్టే పద్ధతిలో వానాకాలంలో ఎండ దొరకదు. డ్రయ్యరు లేని మిల్లుకు 250 పనిదినాలు అని రాయడం ఈ కారణంగానే సందేహాస్పదం. నిల్వలో పుచ్చు పురుగు వలన కలిగే నష్టానికి, నివారణ ఖర్చుకు కూడా లెక్కలో చోటు ఉండాలి. శాస్త్రవేత్తకు ఈ విషయాలన్నీ తెలిసినవే. తెలిసిన విషయాలను ప్రతిపాదనలోని అంకెలతో పోల్చి చూడటమే ఇక్కడ కావలసినది.

మెట్లు మెట్లుగా ఎదిగే మార్గం

ఈ లెక్కలు చూసి పప్పు మిల్లులు సంస్థలకు తగవని నిర్ణయించడం పొరపాటు. మిల్లు వరుసలో ఎప్పుడు రావాలన్నదే ప్రశ్న. మొదటి సంవత్సరం సభ్యులకు విత్తనం, ఎరువులు కలిసి కొనడం, కందిని కలిపి తూకం వేసి అమ్మడం చేయవచ్చు. దీనికి పెద్ద అప్పు అక్కరలేదు. ఎంతమంది సభ్యులు నిజంగా సంస్థకు సరుకు తెస్తారో ఆ ఏడాదే తేలిపోతుంది. రెండవ సంవత్సరం శుభ్రపరచడం, గ్రేడింగు, నమోదిత గోదాములో నిల్వ చేసి రసీదుపై రుణం పొందడం అలవాటు చేసుకోవచ్చు. మూడవ సంవత్సరం సమీపంలోని మిల్లులో కిరాయికి ఆడించి సొంత సంచులలో పప్పు అమ్మి చూడవచ్చు. కిరాయి మిల్లులో 1,000 క్వింటాళ్లు ఆడించి, ఆ పప్పును లాభానికి అమ్మగలిగిన సంస్థ సొంత మిల్లుకు ప్రతిపాదన పెడితే అందులోని ప్రతి అంకెకు అనుభవం ఆధారంగా ఉంటుంది.

తాండూరు కందికి 2022లో లభించిన భౌగోళిక సూచిక ఈ సందర్భంలో ఆలోచింపదగినది. ఆ దరఖాస్తును ఒక రైతు ఉత్పత్తిదారుల కంపెనీ సమర్పించగా, వ్యవసాయ విశ్వవిద్యాలయం సాంకేతిక సహకారం అందించింది. పేరుకు చట్టపరమైన రక్షణ రావడం విలువైన తొలిమెట్టు. ఆ పేరుతో అమ్మే ప్రతి సంచిలోనూ ఆ ప్రాంతపు కందే ఉండేటట్లు చూడటం, నాణ్యత నిలబెట్టడం, తగిన ధరకు కొనేవారిని వెతకడం ఆ తరువాత చేయవలసిన పనులు. వాటికి కావలసింది కూడా ప్రణాళికయే.

సంతకం చేసేవారికి తెలియవలసినది

ఉత్పత్తిదారుల కంపెనీకి కనీసం 5 మంది, గరిష్ఠంగా 15 మంది డైరెక్టర్లు ఉండాలని చట్టం చెబుతున్నది. వీరు రైతులే. ప్రతిపాదనలు మాత్రం ఎక్కువగా ఆంగ్లంలో తయారవుతాయి. పదుల పుటల నివేదిక చివర సంతకాలు చేసే డైరెక్టర్లకు అందులోని అమ్మకాల అంచనా ఎంతో, నెలకు కట్టవలసిన కిస్తీ ఎంతో తెలియకపోవడం తీవ్రమైన విషయం. రుణానికి ప్రభుత్వ సంస్థ ఇచ్చే హామీ బ్యాంకుకు రక్షణ. దానివలన అప్పు తీర్చవలసిన బాధ్యత సంస్థకు తొలగదు. ఈ ఒక్క వాక్యం కూడా వివరించకుండా సంతకాలు తీసుకోవడం విస్తరణ ధర్మానికి విరుద్ధం.

చట్టపరమైన బాధ్యతలు కూడా ఇటువంటివే. వరుసగా మూడు ఆర్థిక సంవత్సరాలు లెక్కలు లేదా వార్షిక పత్రాలు దాఖలు చేయని కంపెనీలో డైరెక్టరుగా ఉన్నవారు 5 సంవత్సరాల పాటు ఏ కంపెనీలోనూ డైరెక్టరుగా నియమితులయ్యే అర్హత కోల్పోతారు. ఆలస్యమైన ప్రతి పత్రానికి రోజుకు 100 రూపాయల అదనపు రుసుము ఉన్నది. పప్పు అమ్మాలంటే ఆహార భద్రతా లైసెన్సు కావాలి. 2022 జూలైలో 25 కిలోల వరకు ముందే తూచి లేబుల్ వేసిన పప్పు సంచులను 5 శాతం జి.ఎస్.టి. పరిధిలోకి తెచ్చారు. ఈ పనులు ఎవరు చేస్తారు, వాటికి ఏడాదికి ఎంత ఖర్చవుతుంది అన్నది ప్రతిపాదనలో ఒక వరుసగా కనిపించాలి. 10,000 సంస్థల పథకం కింద నిర్వహణ ఖర్చులకు మూడు సంవత్సరాలలో 18 లక్షల రూపాయల వరకు సాయం అందుతుంది. నాలుగవ సంవత్సరం ముఖ్య కార్యనిర్వహణాధికారి జీతం, ఆడిటరు రుసుము ఏ లాభం నుండి వస్తాయన్న ప్రశ్నకు మొదటి సంవత్సరమే సమాధానం వెతకడం మంచిది.

దీనికి సులభమైన ఉపాయం ఒకటి ఉన్నది. ప్రతి ప్రతిపాదనకు ఒకే పుటలో తెలుగు సారాంశం తయారుచేయాలి. ఎంత అప్పు, ఎన్నేళ్లు, నెలకు ఎంత కిస్తీ, ఎన్ని క్వింటాళ్లు వస్తే లాభనష్టాలు సమానమవుతాయి, అంతకు తగ్గితే ఎవరికి ఎంత నష్టం అన్న వివరాలు అందులో ఉండాలి. దానిని సర్వసభ్య సమావేశంలో చదివి వినిపించి, చర్చ జరిగిన తరువాతనే తీర్మానం చేయాలి. ఆ సమావేశంలో ఒక వృద్ధ రైతు లేచి, వరుసగా రెండేళ్లు వాన లేకపోతే కిస్తీ ఎలా కడతారని అడిగితే, ఆ ప్రశ్న బ్యాంకు పరిశీలన కంటే విలువైనది కావచ్చు.

ఒకటికి మించిన ప్రతిపాదనలు ఉన్నపుడు

చురుకైన సంస్థ చేతిలో ఒకే సమయంలో మూడు నాలుగు ప్రతిపాదనలు ఉండవచ్చు. గోదాముకు ఒకటి, యంత్రాల అద్దె కేంద్రానికి ఒకటి, ఎరువుల లైసెన్సుకు ఒకటి, కొనుగోలుదారు కంపెనీతో ఒప్పందానికి మరొకటి. వీటిని వేరువేరుగా నడిపితే ఒకే సొంత వాటా ధనాన్ని రెండు చోట్ల చూపడం, ఒకే స్థలాన్ని రెండు పనులకు కేటాయించడం వంటి పొరపాట్లు జరుగుతాయి. కావున సంస్థ వద్ద ప్రతిపాదనల రిజిస్టరు ఒకటి ఉండటం అవసరం. ఎవరికి, ఎప్పుడు, ఎంతకు సమర్పించారు, బాధ్యుడు ఎవరు, తరువాతి గడువు ఏది, ఫలితం ఏమిటి అన్న వివరాలు అందులో నమోదు కావాలి. తిరస్కరణకు గురైన ప్రతిపాదన విషయంలో బ్యాంకు చెప్పిన కారణాన్ని రాసి ఉంచాలి. అదే కారణంతో రెండవసారి తిరస్కరణ రాకుండా ఇది ఉపకరిస్తుంది.

మంజూరు తరువాత నిర్వహణ మరింత ముఖ్యం. షెడ్డు పూర్తయ్యే తేదీ, యంత్రం చేరే తేదీ, కరెంటు కనెక్షను వచ్చే తేదీ పంటకాలంతో సరిపోవాలి. కంది మిల్లు ఏప్రిల్‌లో సిద్ధమైతే సీజను దాటిపోతుంది, కానీ మారటోరియం గడువు అప్పటికే నడుస్తూ ఉంటుంది. అదనెరిగి సేద్యం, పదనెరిగి పైరు అని రైతుకు తెలిసిన సూత్రం వ్యాపారానికి కూడా వర్తిస్తుంది. విత్తడానికి అదను చూసే రైతు, అప్పు తీసుకోవడానికి కూడా అదను చూడవలసి ఉన్నది.

కొన్ని అభ్యంతరాలు

ఇంత ప్రణాళిక అంటే అవకాశం చేజారిపోతుందని, పథకాల గడువులు ఎవరి కోసమూ ఆగవని ఒక వాదన ఉన్నది. ఇందులో కొంత నిజం లేకపోలేదు. అయితే సభ్యుల పంట, మార్కెట్టు, ఖర్చుల వివరాలు ముందుగా సేకరించి ఉంచుకున్న సంస్థకు ప్రతిపాదన రాయడం కొద్దిరోజుల పని. గడువు తరుముతున్నదని హడావుడి పడేది ఏ వివరమూ చేతిలో లేని సంస్థయే. వ్యవసాయ మౌలిక వసతుల నిధి వంటివి ఒక్క సీజనుతో ముగిసేవి కావు. ఒక ఏడాది ఆలస్యం వలన కలిగే నష్టం, ఏడు సంవత్సరాలు వెంటాడే అప్పు కంటే తక్కువ.

వానలు, ధరలు రెండూ ఊహకు అందని మెట్ట వ్యవసాయంలో ప్రణాళికకు అర్థం లేదన్నది రెండవ వాదన. ప్రణాళిక భవిష్యత్తును చెప్పే జాతకం కాదు. దిగుబడి సగమైతే ఏమి చేయాలి, ధర 1,000 రూపాయలు పడిపోతే ఏమి చేయాలి అన్న నిర్ణయాలను ముందే ఆలోచించి పెట్టుకోవడమే దాని ప్రయోజనం. కంది తక్కువైన ఏడాది అదే మిల్లులో శనగ, పెసర, మినుము ఆడించే వీలు ఉన్నదా, బయటి రైతులకు కిరాయికి ఆడి కొంత ఆదాయం పొందవచ్చునా అన్న ప్రత్యామ్నాయాలు ముందుగా పరిశీలించిన సంస్థ కష్టకాలాన్ని తట్టుకోగలదు. అనిశ్చితి ఎక్కువగా ఉన్న చోటనే ఈ ముందుచూపు మరింత అవసరం.

విశ్వవిద్యాలయం చేయదగినది

ఈ దిశలో విశ్వవిద్యాలయాలకు గల బలం చిన్నది కాదు. వ్యవసాయ డిగ్రీ చివరి సంవత్సరం విద్యార్థులు గ్రామీణ వ్యవసాయ పని అనుభవ కార్యక్రమంలో భాగంగా గ్రామాలలో నివసిస్తారు. పదిమంది విద్యార్థులు తలా 30 కుటుంబాలను కలిస్తే 300 మంది సభ్యులు గల సంస్థ సర్వే పూర్తవుతుంది. గత మూడేళ్లలో ఎన్ని ఎకరాలు వేశారు, ఎంత పండింది, ఇంటికి, విత్తనానికి ఎంత ఉంచారు, ఏ నెలలో ఎవరికి అమ్మారు, కొన్నవారికి ఎంత అప్పు ఉన్నారు అన్న ఐదు ప్రశ్నలు చాలు. ఈ సమాచారం సంస్థకు ప్రణాళికగా, విద్యార్థికి అసలైన వ్యవసాయార్థిక పాఠంగా ఉపయోగపడుతుంది. తరగతి గదిలో నేర్చిన లాభనష్టాల సమాన స్థాయిని ఒక నిజమైన మిల్లుకు లెక్కగట్టిన విద్యార్థి ఆ పాఠాన్ని మరచిపోడు.

ప్రతిపాదన పరిశీలనకు కృషి విజ్ఞాన కేంద్రాలు, వ్యవసాయార్థిక శాస్త్ర విభాగాలు కలిసి ఒక చిన్న బృందాన్ని ఏర్పరచుకోవచ్చు. ఆ బృందం యంత్రం పూర్తి సామర్థ్యంతో, సగం సామర్థ్యంతో, పావు సామర్థ్యంతో నడిచినపుడు ఫలితం ఎలా ఉంటుందో మూడు లెక్కలు వేసి సంస్థకు ఇవ్వాలి. ప్రతిపాదన విజయాన్ని మంజూరు తేదీతో కాక, మూడవ సంవత్సరంలో యంత్రం ఎన్ని రోజులు నడిచింది, సభ్యులలో ఎంతమంది సరుకు తెచ్చారు అన్న వాటితో కొలవాలి. అటువంటి వివరాలు సేకరించి ప్రచురిస్తే తరువాతి సంస్థలకు దారి తెలుస్తుంది. నిలిచిపోయిన మిల్లులపై అధ్యయనం కూడా నడుస్తున్న మిల్లులపై అధ్యయనమంత అవసరం.

వీటన్నింటికంటే కష్టమైనది, సిద్ధంగా లేని సంస్థకు ఈ ఏడాది వద్దని చెప్పగలగడం. ఆశతో వచ్చిన రైతులకు ఆ మాట నిరాశ కలిగించవచ్చు. కానీ గ్రామంలో ఒక సంస్థ అప్పుల పాలై మూతపడితే పోయేది 2,000 రూపాయల వాటా ధనం మాత్రమే కాదు. కలిసి వ్యాపారం చేయవచ్చునన్న నమ్మకం కూడా పోతుంది. మరొకరు వచ్చి మళ్లీ సంస్థ పెడదామంటే వినేవారు ఉండరు. విత్తనం ఎప్పుడు వేయాలో, ఎప్పుడు ఆగాలో రైతుకు చెప్పడం విస్తరణ శాస్త్రవేత్తకు అలవాటైన పనియే. పదునులేని దుక్కిలో విత్తనం వేయవద్దని చెప్పే శాస్త్రవేత్త, సరుకు లెక్క తేలని మిల్లుకు అప్పు తీసుకోవద్దని కూడా చెప్పాలి. ఆ లెక్క తేలేవరకు సంస్థకు తోడుగా నిలబడాలి.